వంకర బురుజు దొంగతనం

"నేరస్తుడు ఎంత తెలివైనవాడైనా ఒక్క తప్పు చేసి తీరతాడురా. నేను బతికున్న రోజుల్లోనే నేరం చేస్తాడు. అదీ వాడి తప్పు!"

ఈ మాట అన్నవాడు కళ్లజోళ్ల షాపు యజమాని. చేతిలో సగం బిగించిన ఫ్రేము పట్టుకుని, తన షాపులో నిలబడి మరీ అన్నాడు. వీధిలో అందరూ అతన్ని భూతద్దం అంటారు. వెటకారానికి పెట్టిన పేరది. అతను మాత్రం దాన్ని బిరుదుగా స్వీకరించి షాపు బోర్డు మీద ఎక్కించాడు. 'భూతద్దం: కళ్లజోళ్లు, కంటి పరీక్ష, అపరాధ పరిశోధన.' మొదటి రెండింటికీ గిరాకీ బాగానే ఉంది. మూడోదానికి పిలిచినవాళ్లు లేరు, పిలవకుండా అతనే వెళ్లేవాడు. కిందటేడు ఎదురు లాండ్రీ ఆవిడ గొడుగు పోతే వీధి వీధంతా నిలబెట్టి ప్రశ్నించి, చివరికి ఆ గొడుగు తనే వేసుకుని తిరుగుతున్నట్టు కనిపెట్టాడు. దొంగ దొరికాడు కదా అని దానికీ గర్వపడ్డాడు.

ఈ ప్రకటన విన్నవాడు ఒక్కడే. చిన్నప్పటి నుంచీ ఇలాంటివి వింటూ చెవులు అరగదీసుకున్న స్నేహితుడు. షాపు పైన మేడ మీద వీడియో గేములు తయారుచేసే ఆఫీసు ఉంది. వాళ్లిప్పుడు చేస్తున్న గేము పేరు 'పదకొండు కొండలు'. ఇటే వెళ్లు, అదే చెయ్యి అని ఆడేవాడిని తోలే గేము కాదది. కత్తులు, మంత్రాలు, కూలిపోయిన కోటలు ఉన్న ఒక లోకాన్ని కళ్ల ముందు పరిచేసి, నీ ఇష్టం, ఎటైనా పో అంటుంది. కనిపించిన కొండనల్లా ఎక్కొచ్చు. ఆ కొండలన్నీ చేసింది ఈ స్నేహితుడే. అందుకని ఆఫీసులో అతని పేరు కొండల మేస్త్రి.

ఆ పూట మేస్త్రి ముఖం చూస్తే కొండ విరిగి నెత్తిన పడ్డట్టుంది.

"నీ ప్రకటనలు తర్వాతరా. కొంప మునిగింది. నా బురుజు పోయింది."

"కూలిందా?"

"ఇంకో చోట లేచింది!"

సంగతేమిటంటే, ఇంకో కంపెనీవాళ్లు 'గుర్రాల రాజ్యం' అని అలాంటి గేమే చేస్తున్నారు. మచ్చుకి మొదటి భాగం ఊరికే ఆడుకోమని నిన్న బయటికి వదిలారు. అందులో మొదటి మలుపు తిరగ్గానే ఒక బురుజు కనిపిస్తుంది. ఎడమవైపుకి వంగి ఉంటుంది. దానికి మూడు కిటికీలు, నడిమి కిటికీ ఇటుకలతో మూసేసి ఉంటుంది. అచ్చం 'పదకొండు కొండలు'లో ఉన్న బురుజే.

"మీ బొమ్మలు చూసి గీసుకున్నారేమోరా?"

"బయటికి మన బురుజు బొమ్మ ఇచ్చాం, నిజమే. కానీ లోపల మెట్లు ఎవరికీ చూపించలేదు. మన దాంట్లో మెట్ల మధ్య ఒక రాయి విరిగి ఉంటుంది. వాళ్ల దాంట్లోనూ అదే రాయి, అదే విరుపు. ఎవరో ఇస్తే తప్ప వెళ్లదు. ఆ బురుజు కట్టింది నేను. ఇక ఇచ్చేవాడెవడు?" మేస్త్రి బల్లకి ఆనుకున్నాడు. "అక్క నన్ను పక్కకి పిలిచి అడిగిందిరా. 'మేస్త్రీ, నువ్వుగానీ ఎవరికైనా ఇచ్చావా?' అని. మెల్లగా అడిగింది. నాలుగు తిట్టినా బాగుండేది."

అక్క అంటే ఆ ఆఫీసు నడిపే ఆవిడ. వయసుతో పని లేకుండా అందరికీ అక్కే. సాయంత్రం పెట్టుబడి పెట్టే పెద్దాయన గేము చూడ్డానికి వస్తున్నాడు. దొంగసరుకు అనే అనుమానం వస్తే ఆయన వెనక్కి తిరిగి వెళ్లిపోతాడు. గేము అక్కడితో ఆగిపోతుంది. మేస్త్రి పని అంతకంటే ముందే అయిపోతుంది. సొంత కంపెనీ బురుజు అమ్ముకున్నవాడని పేరు పడితే, ఆ తర్వాత ఏ గేములోనూ అతన్ని ఒక్క గులకరాయి కూడా పెట్టనివ్వరు.

భూతద్దం ఫ్రేము బల్ల మీద పెట్టాడు. అది జారి కింద పడింది. "ఈ కేసు నేను తీసుకుంటున్నాను!"

"కేసు నేను ఇవ్వలేదురా నాయనా. బాధ చెప్పుకుందామని వచ్చాను."

"కేసంటే బాధేరా! పద!"

ఆ తొందరలో తన కళ్లజోడు బదులు బల్ల మీద బాగుకొచ్చిన ఎవరిదో కళ్లజోడు పెట్టుకున్నాడు. సీసా అడుగులంత మందం అద్దాలవి. తలుపనుకుని గోడకేసి నడిచి, "ఇక్కడ ఎవరో గోడ పెట్టారు. గుర్తుపెట్టుకో," అన్నాడు.

మేడ మీద ఆఫీసంటే పెద్దదేం కాదు. రెండు గదుల మధ్య గోడ తీసేసి ఒకటి చేశారు. నేల మీద తీగలు కాళ్లకి చుట్టుకుంటుంటాయి. గోడ నిండా గుర్రాలు, గుహలు, గడ్డాల రాజులు గీసిన కాగితాలు. కిటికీ పక్క బల్ల దగ్గర మాటలమ్మ కూర్చుని ఉంది. గేములో మనుషులు మాట్లాడే మాటలన్నీ రాసేది ఆవిడే. అన్ని మాటలూ అక్కడే అయిపోతాయేమో, బయట మాత్రం పొదుపు.

"కళ్లజోళ్లాయన ఎందుకొచ్చాడు?" అంది అక్క.

"నేను కళ్లజోళ్లాయనగా రాలేదమ్మా. నీడలా వచ్చాను. నిప్పులా వెళ్తాను," అని భూతద్దం తీగ తట్టుకుని అక్క కుర్చీలో పడ్డాడు. "ముందు నాకు రెండు గేములూ పక్కపక్కన పెట్టి చూపించండి."

అక్క మేస్త్రి వంక చూసింది. మేస్త్రి నేల వంక చూశాడు. పెద్దాయన వచ్చేదాకా చేయగలిగిందేమీ లేదు గనక, ఆవిడ విసుగ్గానే రెండు తెరల మీద రెండు గేములూ పెట్టింది. భూతద్దం జేబులోంచి నిజం భూతద్దం కూడా తీసి, మందం అద్దాల మీద దాన్ని ఆనించి, తెరకి ముక్కు తగిలేలా వంగాడు. కాసేపటికి పెద్ద కేక పెట్టాడు.

"రెండింట్లోనూ కొండలున్నాయి!"

"ఉంటాయండీ."

"రెండింట్లోనూ గుర్రాలు! అమ్మ దొంగల్లారా! ఇదేమిటిది, వానా? వాన కూడా వదల్లేదా? ఇంత బరితెగింపా?" ఇక ఊపిరి అందలేదు అతనికి. "ఒరేయ్, మేస్త్రీ! రెండు చోట్లా సూర్యుడు తూర్పునే పొడుస్తున్నాడురా!"

"పడమట పొడిస్తే మేమే కేసు పెట్టేవాళ్లం," అంది అక్క. కానీ గేముల మాట వస్తే ఆవిడ ఊరుకోలేదు. కుర్చీ ఇంకోటి లాక్కుని కూర్చుంది. "పైపైన కాదండీ, ఆడి చూడాలి. వాళ్ల గేములో అడుగు పెట్టగానే పటం నిండా గుర్తులే. ఇక్కడ నిధి, అక్కడ రాక్షసుడు, ఇటు చావిడి. ఆడేవాడు వీరుడిగా మొదలై పోస్టుమాను అయిపోతాడు. మా దాంట్లో పటం ఖాళీ. నువ్వు నడిచిన మేరకే గీత పడుతుంది. వాళ్ల హీరో రాజుగారి తప్పిపోయిన కొడుకు, పుట్టినప్పుడే ఆకాశవాణి చెప్పేసింది. మావాడు ఎవడో ఎవడికీ తెలీదు. చలేస్తే వణుకుతాడు, కొండ ఎక్కితే ఆయాసపడతాడు, చెయ్యి జారితే పడతాడు."

"అంటే మీవాడు చేతకానివాడు."

"మొదట్లో. ఆడగా ఆడగా చేతనవుతుంది. అదేనండీ గేమంటే."

"మరి రెండింట్లోనూ డ్రాగన్లు, కూలిన కోటలు, నిద్రపోయే రాజులు ఎందుకున్నట్టు?"

"అది ప్రభావం అంటారండీ."

"ప్రభావమా!" భూతద్దం లేచి నిలబడ్డాడు. "దొంగతనానికి ఇస్త్రీ చేస్తే ప్రభావం!"

కిటికీ దగ్గర్నుంచి మాటలమ్మ నోరు తెరిచింది. "మా నాన్నమ్మ కథ చెప్తే రాజు కొడుకు దక్షిణం వైపు వెళ్లకూడదు. వెళ్లేవాడు. వాళ్ల నాన్నమ్మ కథలోనూ వెళ్లే ఉంటాడు. ఆ కథలు విన్న పిల్లలే పెద్దయ్యాక పాచికలు, కాగితాలు పెట్టుకుని వీరులాట ఆడుకున్నారు. తర్వాత కంప్యూటరు వచ్చింది. మొదట్లో దాంట్లో బొమ్మలు కూడా లేవు, ఉత్త మాటలే. 'ఎదురుగా గుహ ఉంది. ఏం చేస్తావు?' అని అడిగేది. అక్కడినుంచి ఇక్కడిదాకా అందరం ఒకే నూతిలో తోడుకున్న నీళ్లేనండీ. ఎవరి బిందె వాళ్లది."

అంత పొడుగు మాట ఆవిడ నోట విని అక్క కూడా ఆశ్చర్యపోయింది.

"నీళ్లు సరే. బురుజు మాటేమిటి?" అన్నాడు భూతద్దం. ఆ ప్రశ్న మాత్రం అనుకోకుండా సరైన చోట తగిలింది.

"బురుజు ప్రభావం కాదు," అంది అక్క మెల్లగా. "అది రాయి రాయి అదే."

మేస్త్రి అడ్డుపడ్డాడు. "అక్కా, ఆ బురుజు నా సొంతం. ఎన్నిసార్లు చెప్పాను! మా తాతయ్య నడుము వంగినట్టు వంచాను దాన్ని. తలుపులో నిలబడి పొలం వైపు చూసేవాడు చూడు, అలా..."

"మీ తాతయ్యా?" భూతద్దం అద్దాల వెనక కళ్లు గుడ్లగూబలా తిప్పాడు. "ఆయన కుడివైపుకి కదరా వంగేవాడు?"

"నువ్వు నోర్ముయ్యరా!"

భూతద్దం నోరు మూసుకోలేదు గానీ, ఆ దారి వదిలేశాడు. డిటెక్టివ్‌గా అతని జీవితంలో దొరికిన ఒకే ఒక్క అసలు ఆధారం అది. దాన్ని అక్కడే పారేసి చేతులు రుద్దుకున్నాడు. "సాక్షులు కావాలి! బురుజు పక్కన ఎవరుంటారు?"

"గేములోనా? ఒక ముసలావిడ ఉంటుంది. వాకిలి ఊడుస్తూ."

"పిలవండి."

"గేములో ఉంటుందయ్యా బాబూ!"

"రాలేదన్నమాట. అయితే నేనే వెళ్తాను."

ఆపేలోగా అతను ఆట ఆడే మీటల పెట్టె లాక్కున్నాడు. దాన్ని తలకిందులుగా పట్టుకున్నాడు. అంచేత 'పదకొండు కొండలు' వీరుడు ముందుకి వెళ్లమంటే వెనక్కి వెళ్లాడు. నూతిలో దూకాడు, బయటికొచ్చాడు, కోడిని తన్నాడు, తన గుర్రం చేతిలో తానే తన్నించుకున్నాడు. ఎలాగైతేనేం చివరికి బురుజు దగ్గరికి చేరాడు. ముసలావిడ చీపురు ఆపి చూసింది.

"నాయనా, గాలి మారింది. జాగ్రత్త," అంది తెరలోంచి.

"గాలి సంగతి కాదు. ఈ బురుజు ఎవరు ఎత్తుకెళ్లారు?"

"నా కోడి కనబడిందా నాయనా?"

"కోడి తర్వాత! బురుజు?"

"పొద్దుపోతోంది. పని చూసుకో నాయనా."

"ఒరేయ్, చూశావా? మాట మారుస్తోంది!" భూతద్దం మళ్లీ మీట నొక్కాడు. గాలి మారింది. మళ్లీ నొక్కాడు. కోడి కనబడిందా. "చూడు, అడిగినన్నిసార్లూ అవే మూడు మాటలు! బాగా నేర్పించి పంపారు. ఈవిడ గట్టి పిండం. కానీ నేను ఎలాంటివాడినో ఈవిడకి తెలీదు."

"ఆవిడకి రాసిందే మూడు మాటలురా!" అని మేస్త్రి తల పట్టుకున్నాడు.

మాటలమ్మ మాత్రం కుర్చీలోంచి లేచి దగ్గరికొచ్చింది. ఆవిడ కళ్లు మెరుస్తున్నాయి. ఆవిడ రాసిన మాటలు సగంలోనే దాటేసే ఆటగాళ్లే తప్ప, ఇలా విడవకుండా అడిగినవాడు ఇంతవరకూ పుట్టలేదు. "అడగండి," అంది. "ఇంకా అడగండి. ఆపకండి."

సరిగ్గా అప్పుడు తలుపు తెరుచుకుని పెట్టుబడి పెద్దాయన లోపలికొచ్చాడు. తెల్ల జుట్టు, చంకలో సంచీ, ముఖంలో నవ్వన్న ఊసే లేదు. "ఆ బురుజు గొడవ నేనూ విన్నాను," అన్నాడు రాగానే. "గేము తర్వాత చూస్తాను. ముందు దానికి సమాధానం చెప్పండి."

అక్క కుర్చీలోంచి లేచింది. మేస్త్రి ఒకడుగు ముందుకేశాడు. తనే చెప్పేద్దామనుకున్నాడు. నేను ఇవ్వలేదండీ, నమ్మితే నమ్మండి, లేకపోతే నన్ను తీసేసి గేమునైనా బతికించండి అని. ఆ మాట నాలిక మీదికి వచ్చేసింది కూడా.

"ఆఖరిసారి అడుగుతున్నాను!" అని భూతద్దం తెర మీదికి గర్జించాడు. పెద్దాయన వచ్చిన సంగతే అతనికి తెలీదు. "బురుజు ఎవరిది?"

ముసలావిడ నడుము నిటారుగా చేసింది. చీపురు రెండు చేతులా ఎత్తింది.

"పొద్దుట్నుంచీ ఒకటే నస! పనీ లేదు పాటూ లేదు! పో అవతలికి!"

చీపురు దెబ్బ ఫెడీమని పడింది. వీరుడు గాల్లోకి లేచి, గిర్రున తిరిగి, బురుజు మూలకి కొట్టుకుని, నేలలోంచి చక్కా కిందికి దిగబడిపోయాడు.

"చీపురు దెబ్బెక్కడిది?" అంది అక్క.

"సరదాకి పెట్టాను," అంది మాటలమ్మ. "ఎవరూ అన్నిసార్లు అడగలేదు."

మేస్త్రికి చీపురు ధ్యాస లేదు. తన నేలలో కన్నం ఉంది! చేత్తో నిమిరి నిమిరి చేసుకున్న నేలలో, అదీ పెద్దాయన కళ్ల ముందు! ఇక చెప్పుకోడానికేం మిగల్లేదనుకున్నాడు. తెర మీద లోకం అడుగుభాగం కనబడుతోంది. గేములో నేల పైనుంచి చూస్తేనే నేల, కింద నుంచి చూస్తే గాజులాగా ఏమీ ఉండదు. చెరువు అడుగు, చెట్ల మొదళ్లు, అన్నీ గాల్లో వేలాడుతున్నాయి. వీరుడు చెరువు కోసం లోకం అడుగంతా పరిచిన నీటి పలక మీద వెల్లకిలా పడి పైకి చూస్తున్నాడు. సరిగ్గా అతని కళ్లకెదురుగా, పీకిన పన్నులా, బురుజు పునాది.

"నీ బురుజుకి చీమలు పట్టాయిరా," అన్నాడు భూతద్దం మందం అద్దాలు సర్దుకుంటూ. "అడుగంతా బారులు తీరాయి. మందు కొట్టించు."

మేస్త్రి తెర దగ్గరికి వంగాడు. చీమలు కావు. అక్షరాలు. నేల కడుపులో పాతేసిన పునాది అడుగున, ఎవరూ ఎప్పుడూ చూడని చోట, ఎవరో పొందిగ్గా చెక్కిన అక్షరాలు. అతను పైకే చదివాడు.

"నమూనా బురుజు. ఉచితం, ఎవరైనా వాడుకోవచ్చు. మీ సొంతది కట్టుకున్నాక దీన్ని తీసెయ్యండి."

మేస్త్రి దాన్ని మరోసారి చదివాడు.

అప్పుడు గుర్తొచ్చింది అతనికి. గేము మొదలుపెట్టిన కొత్తల్లో ఉత్త చదును నేల ఉండేది. కొండ ఎంత ఎత్తు లేపాలో తెలియాలంటే పక్కన ఏదో ఒకటి నిలబెట్టాలి. ఈ పనిలో అందరూ చేసేదే. ఊరికే దొరికే నమూనాల కట్టలోంచి ఒకటి తెచ్చి పెట్టి, తర్వాత తీసేద్దాంలే అనుకుంటారు. అతనూ తెచ్చి పెట్టాడు, రంగు మార్చాడు. తీసేద్దాంలే అనుకుంటూనే దాని పక్కన మొదటి కొండ లేపాడు. దాని కోసం దారి వంచాడు. మాటలమ్మ దాని వాకిట్లో ముసలావిణ్ణి పెట్టింది. కొండలు పదకొండయ్యాయి. ఈలోగా అది ఎక్కడి నుంచి వచ్చిందో అందరికంటే ముందు మేస్త్రే మర్చిపోయాడు. ఎవరో అడిగితే తాతయ్య నడుమన్నాడు. చెప్పగా చెప్పగా తనే నమ్మేశాడు.

"అంటే వాళ్లూ..." అంటూ అక్క ఫోను అందుకుంది. 'గుర్రాల రాజ్యం' కంపెనీ నడిపే ఆయనకే చేసింది. "మీ బురుజు అడుగున ఓసారి చూస్తారా? అవునండీ, అడుగున. నేల కింద నుంచి." అవతల మీటలు నొక్కుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత ఫోనులోంచి గదంతా వినబడేలా "ఓరి దేవుడా!" అని ఒక కేక, ఆ వెనకే పగలబడి నవ్వులు. అక్క ఫోను పెట్టేసి కళ్లు తుడుచుకుంది. "వాళ్లూ తీసెయ్యడం మర్చిపోయారట. వాళ్ల బురుజు మనకి అమ్మేశాడని అక్కడా ఒక మేస్త్రిని అనుమానించారట. పాపం, పొద్దుట్నుంచీ అన్నం ముట్టకుండా కూర్చున్నాడట."

అందరూ నవ్వారు. మేస్త్రీ నవ్వాడు. నవ్వుతూనే కుర్చీలో కూలబడ్డాడు. దొంగ కాదని తేలినందుకు ప్రాణం లేచొచ్చింది. అంతగా ప్రేమించిన బురుజు తనది కాదని తేలినందుకు ఏడుపూ వచ్చింది. రెండూ ఒకేసారి రావడంతో ఏం చెయ్యాలో తెలీక ముక్కు చీదుకున్నాడు.

అక్క అతని భుజం మీద చెయ్యి వేసింది. "నిన్ను ఆ మాట అడక్కుండా ఉండాల్సింది మేస్త్రీ."

"బురుజు నాది కాదక్కా."

"కొండలు నీవేగా!"

పెద్దాయన ఇంతసేపూ తెర వంకే చూస్తున్నాడు. గొంతు సవరించుకున్నాడు. "నిధులు, రాక్షసులు నేను చాలా గేముల్లో చూశాను. కానీ ఆ ముసలావిడ... మళ్లీ కొట్టించండి." మళ్లీ కొట్టించారు. ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. తనే మీటలు తీసుకుని దెబ్బలు తిన్నాడు. వెళ్లేముందు మేస్త్రి దగ్గర ఆగాడు. "డబ్బు పెడతాను. కానీ కింద రాసినాయన చెప్పిన మాట వినండి. సొంతది కట్టుకోండి."

"అనుకున్నదంతా అనుకున్నట్టే జరిగింది," అన్నాడు భూతద్దం మెట్లు దిగుతూ. "నేలకి కన్నం ఉందని నాకు ముందే అనుమానం."

"పడ్డావురా నువ్వు!"

"పడలేదు. దిగాను."

తర్వాత చాలా రోజులు మేస్త్రి మేడ దిగలేదు. దిగిన రోజు భూతద్దాన్ని చెయ్యి పట్టుకుని పైకి లాక్కెళ్లి మీటల పెట్టె చేతిలో పెట్టాడు. ఈసారి తిన్నగా పెట్టాడు. పాత బురుజు ఉన్న చోట కొత్తది లేచింది. ఇది కుడివైపుకి వంగింది. గుమ్మానికి చెయ్యి ఆనించి దూరంగా పొలం వైపు చూస్తున్న మనిషిలా ఉంది.

"ఆ కన్నం పూడ్చావా?" అన్నాడు భూతద్దం.

"మాటలమ్మ పూడ్చనివ్వలేదు. వెళ్లి ముసలావిణ్ణి విసిగించు."

భూతద్దానికి ఆ పని ఒకరు చెప్పాలా! గాలి మారింది, కోడి కనబడలేదు, పొద్దుపోయింది. చివరికి చీపురు లేచింది. వీరుడు ఎగిరి, మూలకి కొట్టుకుని, నేలలోంచి కిందికి దిగి, నీటి పలక మీద వెల్లకిలా పడ్డాడు.

"మళ్లీ చీమలురా."

"నీ కళ్లజోడు పెట్టుకుని చూడు."

భూతద్దం నుదుటి మీదున్న అద్దాలు కిందికి దించుకున్నాడు. ఈసారి అవి తనవే. కొత్త పునాది అడుగున మేస్త్రి చెక్కిన అక్షరాలు చదివాడు.

'ఇది మా తాతయ్య. తీసెయ్యొద్దు.'

చిన్నప్పుడు ఇద్దరూ ఆ తాతయ్య వెనక నడుము వంచి నడుస్తూ వెక్కిరించేవాళ్లు. ఆయన చూసి తరిమేవాడు. భూతద్దం అద్దాలు తీసి చొక్కాతో తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"కుడివైపుకేనని నేను ముందే చెప్పాను," అన్నాడు చివరికి.

మేస్త్రి కాదనలేదు. ఈ ఒక్కటీ వాడు నిజంగానే ముందే చెప్పాడు.